జొన్నగింజంత గాలి

మొబైల్ షాపు మీద రెండో అంతస్తు.
మెట్లు ఇరవై రెండు.
మోకాళ్ళు పనిచెయ్యనోళ్ళ కోసం పెట్టిన దవాఖానకు
లిఫ్టు లేకుండె.
నల్లగొండ గడియారం సెంటర్ల ఎండ నిలువునా పడే యాళ్ళ
ఈదమ్మ ఒక్కో మెట్టును అడిగి అడిగి ఎక్కింది.

చండూరు అవతల ఊరు ఆమెది.
నలభై ఏండ్లు బోరునీళ్ళు తాగిన ఎముకలు
వంగమంటే వంగవు, లేవమంటే లేవవు.
మెడ తిప్పాలంటే మనిషంత తిరగాలె.
"గోడకు కొట్టిన మేకు లెక్కయిన బిడ్డా" అని నవ్వింది.
నవ్వితే పండ్ల మీద గోధుమ చారలు,
ఆ నీళ్ళు రాసుకున్న హాజరు పట్టీ.

పదిసార్లు ఎక్కియ్యాలె అన్నడు సారు.
సారికి నాలుగున్నర వేలు.
రెండు మేకపోతులు, చెవుల గంటీలు,
సంఘంల తీసిన అప్పు
కొంగుముడిల నుంచి బయటికొచ్చినయి.
నోట్లకు తంబాకు వాసన.

నేను సిస్టర్ను. పేరుకు.
సూది గుచ్చి సీసాలకు రక్తం తీసేదాన్ని,
నేరేడు పండు లెక్క నల్లగ దిగేది.
మిషన్ గుర్రుమనేది.
పిడుగు పడ్డంక వచ్చే వాసన గదంత.
సీసా ఊపితే నల్లది మోదుగుపువ్వయ్యేది.
"చూసినవా పెద్దమ్మా, కొత్త రక్తం"
అది సారు నేర్పిన మాట.
రంగు మారుడు కండ్లతోటి చూసినంక
ఎవ్వలు నమ్మరు?
నేను గూడ నమ్మిన.

కాయితం ఒకటుండె. సగం చదివి వినిపిచ్చిన.
నొప్పి తగ్గుతది, నీరసం పోతది, గంతవరకు.
కిందికి అక్షరాలు సన్నగ, ఇంగ్లీషుల.
గాలి నరంల పడితే,
రక్తకణాలు పగిలితే,
సీసా శుభ్రంగ లేకుంటే
మెదడు, ఊపిరితిత్తులు, చావు.
చావు మీదనే ఆమె ఎడమ బొటనవేలు పట్టి ఒత్తిన.
సిరా కొంచెం ఎక్కువైంది.

ఈ గాలి కొందరి రక్తానికి పడదని,
ముందుగాల ఒక పరీక్ష ఉంటదని
నర్సింగుల చదివిన. అడిగిన గూడ.
"అందరికి పరీక్షలు చేసుకుంట పోతే
మనం తినేదేంది?" అన్నడు సారు.
నా జీతం పన్నెండు వేలు.
తలకాయ ఊపిన.

మూడోసారి
పైపుల ఒక బుడగ కనబడ్డది,
జొన్నగింజంత.
వేలితోటి టక్కున కొట్టిన. పైకి పోతున్నదనుకున్న.
అప్పుడే ఫోను. తమ్ముడు,
పరీక్ష ఫీజు కట్టనీకి ఇయ్యాల్నే ఆఖరంట.
తిరిగి చూసేసరికి బుడగ లేదు.
పైకి పోయిందా, లోపలికి పోయిందా?
ఆరేండ్లాయె.
కండ్లు మూస్తే ఆ పైపే.

ఈదమ్మ దగ్గింది.
"ఎదల పిట్ట కొట్టుకుంటున్నది బిడ్డా."
చాయ గ్లాసు జారింది. మూతి ఒక దిక్కు పోయింది.
సారు ముందుగాల మిషన్ మీద గుడ్డ కప్పమన్నడు,
నూటెనిమిదికి ఫోను ఆ తర్వాత.
ఎక్కిన ఇరవై రెండు మెట్లు
నలుగురి చేతుల మీద దిగింది.

పెద్దాసుపత్రిల ఏం రాసిండ్రో:
బీపీ ఉన్నదట, వయసు మీద పడ్డదట,
కారణం తేలలేదట.
దవాఖానకు తాళం పడ్డది.
మిర్యాలగూడల ఇంకో పేరుతోటి తెరిచిండ్రని
మందుల షాపాయన చెప్పిండు.

ఇప్పుడు నేను సర్కారు దవాఖానల.
ఎడమకాలు ఈడ్చుకుంట నెలకోసారి వస్తది,
బీపీ గోళీలకు.
తిట్టదు. తిడితే బాగుండు.
మొన్న అడిగింది,
"గాలికి గూడ బరువుంటదా బిడ్డా?
వడ్ల బస్తాలు మోసిన, రాళ్ళు మోసిన,
గింత బరువు ఎన్నడు మోయలే."

గోళీలు లెక్కపెట్టిన.
మళ్ళ లెక్కపెట్టిన.

ఎడమచెయ్యిని కుడిచేత్తోటి ఎత్తి
బల్ల మీద పెట్టింది, వేరేవాళ్ళ సామాను లెక్క.
"నొప్పి పోతదంటివి గద, పోయింది. ఈ దిక్కు.
సూది గుచ్చి చూడు, తెల్వనే తెల్వదు."

గుచ్చలేదు.
ఆ బొటనవేలునే చూస్తున్న.
పింఛను మిషన్ మీద పెడితే
ఇప్పటికీ ఆమెదే అంటదట.